ఇంగ్లీషు రైమ్: చెవితో పట్టుకోవడం, రోజూ వాడుకోవడం ఎలా?

ఒకటో తరగతి వర్క్‌బుక్‌లో 'రైమింగ్ వర్డ్స్' పేజీ వచ్చిందంటే చాలు, తిరుపతి బైరాగిపట్టెడలో మా ట్యూషన్ గుమ్మం ముందు చెప్పుల జతలు పెరుగుతాయి. "మేడం, రైమ్స్ రాసుకురమ్మన్నారని మావాడు పాటంతా రాసినాడు. టీచరమ్మ అడ్డంగా గీత కొట్టింది. ఇంకేం రాయాల?" అని ఒకరు. జ్యూస్ షాపు బోర్డుకు రెండు లైన్లు కావాలని ఇంకొకరు. కూతురి స్పీచ్‌లో చివర మాటలు కలవడం లేదని మరొకరు. విడివిడిగా అందరికీ చెప్పిందే ఇక్కడ వరుసగా రాస్తున్నా. పక్కన పెన్సిల్ పెట్టుకుని చదవండి.

1. ముందు 'రైమ్' అంటే ఏదో తేల్చుకోండి

మన ఇళ్లలో రైమ్ అంటే పిల్లల పాట. ఇంగ్లీషులో ఆ మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి మనం అనుకునేదే, చిన్న పాట లేదా పద్యం. రెండోది, రెండు మాటల చివరి భాగం ఒకేలా మోగడం. వర్క్‌బుక్ అడిగేది ఈ రెండోదాన్ని. 'ఒక రైమ్ చెప్పు' అంటే పాట పాడాలి. 'దీనికి రైమ్ చెప్పు' అంటే జోడీ మాట ఇవ్వాలి. పైన చెప్పిన పిల్లాడి తప్పు ఇంతే, పాపం.

'వితౌట్ రైమ్ ఆర్ రీజన్' అనే మాట కూడా తరచూ వినిపిస్తుంది. అక్కడ పాటా లేదు, జోడీ లేదు. అర్థం పర్థం లేకుండా అని దాని భావం. మన 'అర్థం పర్థం'లో కూడా ఒక రైమ్ దాక్కుని ఉంది చూడండి.

స్పెల్లింగు విషయం: ఆర్, హెచ్, వై, ఎమ్, ఈ. పిల్లలు దీన్ని 'రిథమ్'తో కలిపేస్తారు. రిథమ్ అంటే లయ, అది వేరే మాట.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

• ఒక రూళ్ల నోటుబుక్కు. పేజీకి ఒకే 'తోక' రాయాలి. తోక ఏమిటో నాలుగో భాగంలో చెప్తా.
• ఉచ్చారణ వినిపించే డిక్షనరీ ఉన్న ఫోను.
• గట్టిగా పలకడానికి సిగ్గుపడని నోరు. లోపల్లోపల చదువుకుంటే ఈ పని జరగదు.

ఇంగ్లీషు పద్యాల పుస్తకం అక్కర్లేదు. ఇంట్లో ఉన్న బిస్కెట్ ప్యాకెట్లు, బస్సు టికెట్లు, వీధి బోర్డులు చాలు.

3. మన ప్రాస వేరు, వాళ్ల రైమ్ వేరు

తొంభై పాళ్లు తప్పులు ఇక్కడే పుడతాయి కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

మన పద్యంలో ప్రాస పాదం మొదట్లో ఉంటుంది. ప్రాస నియమం ఉన్న పద్యాల్లో ప్రతి పాదంలోనూ రెండో అక్షరం కలవాలి. అక్కడ హల్లు ఒకటైతే చాలు, అచ్చు మారినా ఒప్పుకుంటాం. 'కలువ', 'చిలుక', 'పులిని' అనే మాటలతో మూడు పాదాలు మొదలైతే లకారం కలిసింది, లు అయినా లి అయినా ఎవరూ తప్పు పట్టరు. చిత్తూరు వైపు ఇంట్లో తమిళం చదువుకున్న పిల్లలకూ ఇదే అలవాటు. వాళ్ల ఎదుగై, అంటే తమిళ పద్యంలో ప్రాస, కూడా రెండో అక్షరం మీదే నడుస్తుంది.

ఇంగ్లీషులో ఇది తలకిందులు. లైను మొదలు కాదు, చివర చూడాలి. హల్లుకన్నా ముందు అచ్చు కలవాలి. సూత్రం ఒక్క వాక్యంలో: మాటలో ఒత్తి పలికే అచ్చు దగ్గర నుంచి చివరిదాకా అంతా ఒకేలా మోగాలి, ఆ అచ్చుకు ముందున్న హల్లు మాత్రం వేరుగా ఉండాలి.

సినిమా పాటల్లో, ఉపన్యాసాల్లో మనం వాడే అంత్యప్రాస దీనికి కొంత దగ్గర. కానీ అక్కడ చివరి అక్షరం కలిస్తే మనం సర్దుకుంటాం. ఇంగ్లీషు చెవి సర్దుకోదు.

నేనూ ఈ గోతిలో పడ్డాను. ఒక బడి వార్షికోత్సవానికి స్వాగతం లైన్లు రాసిస్తూ 'టెంపుల్'ను 'సింపుల్'తో కలిపా. తిరుపతి కదా, గుడి లేకుండా స్వాగతం ఎలా రాస్తాం? వచ్చిన అతిథి వేదిక మీద నవ్వి ఊరుకున్నారు. తర్వాత పక్కకు పిలిచి, "సింపుల్‌కు డింపుల్ వస్తుంది, పింపుల్ వస్తుంది. టెంపుల్ రాదమ్మా" అన్నారు. రెండింటి చివరా 'పుల్' ఉందిగా అని నా ధీమా. ఒత్తు పడేది ఒకచోట 'టెం' మీద, ఇంకోచోట 'సిం' మీద. అచ్చులే కలవలేదు, ఇక పుల్ కలిసి ఏం లాభం?

4. జోడీ పట్టుకునే పద్ధతి: అయిదు మెట్లు

మెట్టు 1: మాటను పైకి పలకండి. రెండుసార్లు, ఒకసారి మామూలుగా, ఒకసారి సాగదీసి.

మెట్టు 2: ఒత్తు ఎక్కడ పడిందో చూడండి. గడ్డం కింద అరచెయ్యి పెట్టుకుంటే దవడ గట్టిగా కదిలిన చోటు తెలుస్తుంది. ఒకే ముక్క, అంటే ఒకే అచ్చు మోత, ఉన్న మాటలకు ఈ తంటా లేదు.

మెట్టు 3: ఆ అచ్చుకు ముందున్నది కోసేయండి. మిగిలిందే తోక. 'మ్యాట్'లో మకారం పోతే 'యాట్' మిగులుతుంది.

మెట్టు 4: తోక ముందు హల్లులు మార్చుకుంటూ పోండి. బ్యాట్, క్యాట్, హ్యాట్, ర్యాట్. ఒంటి హల్లులు అయిపోయాక జంట హల్లులు పెట్టి చూడండి. పిల్లలు ఇక్కడ ఆగిపోతారు, అసలు మాటలన్నీ ఇక్కడే ఉంటాయి. 'రిప్' తర్వాత ట్రిప్, డ్రిప్, గ్రిప్, స్ట్రిప్ వస్తాయి.

మెట్టు 5: వచ్చినవి నిజమైన మాటలేనా అని డిక్షనరీలో చూసి, నొక్కి వినండి.

ఇప్పుడు పెద్ద మాటలతో ఒకసారి చేద్దాం. సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, డిసెంబర్. నాలుగింటికీ చివర 'బర్' ఉంది కదా, నాలుగూ జోడీలేనా?

సెప్టెంబర్‌లో ఒత్తు 'టెం' మీద. కోస్తే 'ఎంబర్'. డిసెంబర్‌లో 'సెం' మీద, మళ్లీ 'ఎంబర్'. మనం నవంబర్ అంటాం గానీ ఇంగ్లీషు నోట్లో అది 'నొవెంబర్', ఒత్తు 'వెం' మీద, కాబట్టి అదీ 'ఎంబర్' గూటిదే. అక్టోబర్‌లో ఒత్తు 'టో' మీద పడింది, తోక 'ఓబర్'. దానికి ఈ గూట్లో చోటు లేదు. మరి క్యాలెండర్‌లో లేని ఒక మాట లోపలికి వస్తుంది: రిమెంబర్. 30 రోజుల నెలలు ఏవో చెప్పే పాత ఇంగ్లీషు పద్యం సెప్టెంబర్, నవంబర్ జోడీ మీదే మొదలవుతుంది. ఏప్రిల్, జూన్ ఆ రెండింటి మధ్యలో నడిచొస్తాయి.

ఈ ఒక్క ఉదాహరణ నోటుబుక్కులో మీ చేత్తో రాసుకోండి. మిగతాదంతా దీనికి కొనసాగింపే.

5. తెలుగు నోరు, తెలుగు లిపి పెట్టే చిక్కులు

మొదటిది చివరి ఉకారం. రోడ్డు, కార్డు, బోర్డు, వార్డు. తెలుగులో నాలుగూ 'డు'తో ముగిసి అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. ఆ ఉకారం మనం తగిలించింది. అది తీసేసి పలికితే ఎవరి దారి వాళ్లదే. రోడ్‌కు లోడ్, కోడ్. కార్డ్‌కు హార్డ్, గార్డ్, యార్డ్. వార్డు కూడా కార్డు పక్కనే కూర్చుంటుందని అనుకుంటాం గానీ ఇంగ్లీషులో దాని అచ్చు 'ఆ' కాదు, 'ఆ'కూ 'ఓ'కూ మధ్యది. అందుకే ఆస్పత్రి వార్డు బోర్డుతో జోడీ కడుతుంది, కార్డుతో కాదు. నేను ఈ మాట చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు ఫోన్ తీసి వింటారు. మీరూ వినండి.

రెండోది 'ఆ', 'యా' గొడవ. ఫోన్లో చేసే 'చాట్', వేడికి వాడే 'హాట్' మన లిపిలో కవలలు. ఇంగ్లీషులో చాట్ వెళ్లి క్యాట్, బ్యాట్‌ల గూట్లో కూర్చుంటుంది. హాట్ వెళ్లి పాట్, షాట్, స్పాట్‌ల దగ్గర కూర్చుంటుంది. అపార్టుమెంటు 'ఫ్లాట్' కూడా క్యాట్ గూటిదే, ఇంటి స్థలం 'ప్లాట్' మాత్రం హాట్ గూటిది.

మూడోది చివర స, జ. ప్రైస్ అంటే ధర, ప్రైజ్ అంటే బహుమతి. ఐస్, రైస్, నైస్, ట్వైస్ ధరతో వెళ్తాయి. సైజ్, వైజ్, రైజ్ బహుమతితో వెళ్తాయి. 'జ్యూస్'ను 'చూజ్'తో కలిపి రాసిన బోర్డులు దారి పొడవునా ఉంటాయి. పూర్తి రైమ్ కాదు, దగ్గరి రైమ్. బోర్డుకు ఫర్వాలేదు, పరీక్షలో మార్కు పోతుంది.

6. స్పెల్లింగు పెట్టే చిక్కులు

పైన లిపిని తిట్టాను గానీ, ఇక్కడ మాత్రం తెలుగు లిపే రక్షిస్తుంది. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి జోడీ కట్టకండి. విన్నది తెలుగులో రాసుకుని కట్టండి.

• ఓ, యు, జి, హెచ్ అనే నాలుగు అక్షరాలతో ముగిసేవి: టఫ్, కాఫ్, దో, త్రూ. ఒక్కదానికీ ఇంకోదానికీ పొత్తు లేదు.
• కమ్, సమ్ జోడీ. చూడ్డానికి అలాగే ఉన్న హోమ్ వీటితో కలవదు. గమ్, డ్రమ్ కలుస్తాయి.
• హైట్, వెయిట్ చూపుకు కవలలు. హైట్ వెళ్లి కైట్, నైట్‌తో, వెయిట్ వెళ్లి గేట్, లేట్‌తో కలుస్తాయి.
• వర్డ్, బర్డ్, థర్డ్, హర్డ్ ఒక గుంపు. లార్డ్ ఇందులో లేదు.
• పిల్లలు 'సైడ్' అని చదివేసే 'సెడ్' రెడ్, బెడ్, బ్రెడ్‌ల చుట్టం.

హోటల్ బోర్డుల మీద 'గుడ్ ఫుడ్' కళ్లకు బాగుంటుంది. ఇంగ్లీషులో గుడ్‌ది పొట్టి ఉకారం, ఫూడ్‌ది దీర్ఘం. ఫూడ్‌కు అసలు జోడీ మూడ్. గుడ్‌కు వుడ్, స్టుడ్. ఇక బ్లడ్ అయితే మడ్‌తో వెళ్లిపోతుంది. మన ఊళ్లో అందరూ ఫుడ్ అని పొట్టిగానే అంటారు కాబట్టి మన చెవికి కుదిరినట్టే ఉంటుంది. బోర్డు చూసి ఇడ్లీ తినేవాళ్లు దీర్ఘాలు కొలవరు లెండి.

తిరుపతి వాళ్లకు బాగా తెలిసిన ఇంగ్లీషు మాట 'క్యూ'. స్పెల్లింగులో అయిదు అక్షరాలు, మొదటి అక్షరం పేరు ఒక్కటే మోగుతుంది, మిగతా నాలుగూ వెనక నిలబడి ఉంటాయి, అచ్చం క్యూలైన్లో లాగే. దానికి జోడీలు న్యూ, వ్యూ, బ్లూ, షూ, టూ, త్రూ. ఒక్కో మాటది ఒక్కో తీరు స్పెల్లింగు, మోత మాత్రం అందరిదీ ఒకటే.

7. రకాలు, టూకీగా

ఒక ముక్క రైమ్: హిల్, థ్రిల్. రెండు ముక్కల రైమ్: టికెట్, వికెట్, క్రికెట్. దగ్గరి రైమ్: చెవికి కొంచెం తేడా తెలిసేది. కంటి రైమ్: స్పెల్లింగు కలిసి మోత కలవనిది, లవ్, మూవ్ లాంటివి. లోపలి రైమ్: లైను మధ్యలోనే జోడీ కట్టేది. ఇక 'చూడు' అనే సీ, 'సముద్రం' అనే సీ అచ్చంగా ఒకేలా మోగుతాయి. ముందు హల్లు కూడా ఒకటే కాబట్టి అది రైమ్ కింద లెక్కకు రాదు. ఇంతకుమించి పేర్లు పెద్ద పరీక్షలకు చదివేవాళ్లకే.

8. రోజువారీ ఎక్కడెక్కడ వాడతాం?

చదవడం నేర్పడానికి. పిల్లకు 'నైట్' స్పెల్లింగు వచ్చిందంటే లైట్, రైట్, ఫైట్, టైట్ నాలుగూ ఉచితంగా వస్తాయి. 'కైట్' మాత్రం ఈ స్పెల్లింగులో రాదు, అది కూడా అప్పుడే చెప్పేయండి.

గుర్తు పెట్టుకోవడానికి. నట్టు ఎటు తిప్పితే బిగుస్తుందో ఇంగ్లీషు వాళ్లు 'రైటీ టైటీ, లెఫ్టీ లూసీ' అని చెప్పుకుంటారు. కుడికి బిగువు, ఎడమకు వదులు. సైకిల్ ఎడమ పెడల్ దగ్గర మాత్రం ఇది తిరగబడుతుంది, దాని మరలు ఎడమవైపు తిరిగి ఉంటాయి. స్పెల్లింగుకు 'ఐ బిఫోర్ ఈ, ఎక్సెప్ట్ ఆఫ్టర్ సీ' ఉంది, అంటే ఈ కన్నా ఐ ముందు, సీ తర్వాత మాత్రం కాదు. బిలీవ్, రిసీవ్ దాని ప్రకారం నడుస్తాయి, వియర్డ్ లాంటివి ఎదురు తిరుగుతాయి.

సామెతల్లో. 'నో పెయిన్, నో గెయిన్', 'హేస్ట్ మేక్స్ వేస్ట్'. స్పీచ్‌లో ఒకటి వాడితే నిండుగా ఉంటుంది. నాలుగు వాడితే తద్దినంలా ఉంటుంది.

జంట మాటల్లో. సూపర్ డూపర్, వాకీ టాకీ, ఈజీ పీజీ. మనం పుస్తకం గిస్తకం, కాఫీ గీఫీ అని ఏ మాటకైనా గీత గీసినట్టు 'గి' తగిలిస్తాం. ఇంగ్లీషులో అలా కుదరదు. వాడుకలో స్థిరపడిన జంటలనే వాడాలి, సొంతంగా పుట్టించకండి.

లండన్ తూర్పు పేటల్లో ఇంకో సరదా ఉంది. మెట్లను 'స్టెయిర్స్' అనకుండా దానికి రైమ్ అయ్యే 'యాపిల్స్ అండ్ పేర్స్' అంటారు. ఫోన్ బదులు 'డాగ్ అండ్ బోన్'. తెలియనివాడికి బుర్ర తిరిగిపోతుంది.

9. బోర్డుకో, విషెస్‌కో లైన్లు రాయడం

చిత్తూరు రోడ్డు మీద మామిడి జ్యూస్ షాపు పెట్టుకున్న ఆయన తెచ్చిన లైన్లు ఇవి: 'ఆల్ ఫ్రూట్స్ అవైలబుల్, సిట్టింగ్ ఆల్సో కంఫర్టబుల్'. "బాగుంది కదా మేడం, బుల్‌కు బుల్ పడింది" అన్నాడు. పడింది నిజమే. అవైలబుల్‌లో ఒత్తు 'వెయ్' మీద, కంఫర్టబుల్‌లో 'కం' మీద. మళ్లీ నా టెంపుల్, సింపుల్ కథే. ఎలా సరిచేశామో చూడండి.

మొదట చెప్పాల్సింది తెలుగులో అనుకున్నాం: చల్లగా ఉంటుంది, ధర తక్కువ, మళ్లీ వస్తారు. తర్వాత ఒక్కోదాన్నుంచి ఒక్క మాట తీశాం: ఐస్, ప్రైస్, ట్వైస్. ముగ్గురిదీ ఒకటే తోక. ఆ మాటలను లైను చివర నిలబెట్టి, ముందు భాగం వెనక్కి అల్లుకుంటూ వచ్చాం:

మ్యాంగో జ్యూస్ విత్ లాట్స్ ఆఫ్ ఐస్,
స్వీట్ ఇన్ టేస్ట్ అండ్ లో ఇన్ ప్రైస్,
ట్రై ఇట్ వన్స్, యూల్ డ్రింక్ ఇట్ ట్వైస్.

చప్పట్లు కొడుతూ చదవండి. లైనుకు నాలుగు దెబ్బలు పడతాయి: మ్యాం, జ్యూస్, లాట్స్, ఐస్. దెబ్బలు తగ్గినా పెరిగినా రైమ్ ఎంత బాగున్నా లైను కుంటుతుంది. బోర్డు చిన్నదని మూడో లైను తీసేద్దామన్నాడాయన. మొదటిది తీసేయమన్నా. ట్వైస్ మీదే కదా నవ్వొచ్చేది.

ఇంకా పొట్టిది కావాలంటే: 'ఫ్రెష్ ఫ్రూట్ ఆన్ యువర్ రూట్'. రూట్‌ను అమెరికాలో కొందరు రౌట్ అంటారు, మన హైవే మీద ఆ బెంగ లేదు. మ్యాంగోకు సరిగ్గా ట్యాంగో కుదురుతుంది, కానీ అది ఎక్కడిదో నాట్యం. జ్యూస్ షాపుకు దాంతో ఏం పని? రైమ్ కోసం అర్థాన్ని వంచడం అంటే ఇదే.

పెయింటరుకు ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి:

• చివరి మాటల్లో ఒత్తి పలికే అచ్చు ఒకటేనా?
• చివర స దగ్గర జ, ట దగ్గర డ పడలేదు కదా?
• చప్పట్లకు లైన్లు సమానంగా నిలిచాయా?
• రైమ్ తీసేసినా ఆ వాక్యానికి అర్థం ఉందా?
• మీరు కాకుండా ఇంకొకరు గట్టిగా చదివితే ఎక్కడైనా తడబడ్డారా? తడబడిన చోటే మార్చండి.

10. పిల్లలతో ఇంట్లో, దారిలో

రోజుకు పది నిమిషాలు చాలు, అదీ కూర్చోబెట్టి వద్దు. ఉప్మా కలుపుతూ మీరు 'ప్యాన్' అనండి, వాడు 'క్యాన్' అంటాడు, చెల్లెలు 'ఫ్యాన్' అంటుంది. తప్పు చెప్తే వెంటనే తిట్టకుండా రెండు మాటలనూ పక్కపక్కన పలికి, "ఒకేలా మోగాయా?" అని అడగండి. వాళ్లే 'లేదు' అంటారు. స్పెల్లింగు రాయించడం ఆ తర్వాతి వారం.

మా వాళ్లకు నచ్చిన చోటు అలిపిరి మెట్ల దారి. 3550 మెట్లు, పిల్లలకు విసుగొచ్చేది మొదటి గంటలోనే. గోవింద నామాల మధ్యలో ఇదేం పని అనకండి, అరిచి అలిసిపోయాక ఆడే ఆట ఇది. మెట్టుకో మాట. తోక అయిపోయినవాడు తర్వాతి మలుపు దాకా మంచినీళ్ల సీసా మోయాలి. మొన్న 'స్టే'తో మొదలెట్టి డే, వే, ప్లే, ట్రే, గ్రే అంటూ పోతుంటే ఆరేళ్ల పిల్ల ఒకతి 'వెయ్' అంది, బరువు తూచడం. స్పెల్లింగు చూస్తే ఎవరికీ తట్టదు, అది విని పట్టుకుంది. గాలిగోపురం దాకా ఆట బాగానే సాగింది. మోకాళ్ల పర్వతం దగ్గర మాత్రం ఎవరి నోటా మాట రాలేదు. సీసా నేనే మోశాను.